సైకిలూ, కుచ్చిళ్ళూ, ఐదు జేబులూ

ప్యారిస్‌లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలని 1800 నవంబరులో ఒక ఉత్తర్వు వచ్చింది. మగవాళ్ళ దుస్తులు కావాలనుకున్న స్త్రీ పోలీసు కార్యాలయానికి వెళ్ళి, ఆరోగ్య కారణం చూపించి, కాగితం తెచ్చుకోవాలి. 1892లోనూ, 1909లోనూ వచ్చిన రెండు సర్క్యులర్లు దీన్ని కాస్త సడలించాయి. స్త్రీ చేతిలో గుర్రం కళ్ళెంగానీ సైకిలు హ్యాండిల్‌గానీ ఉంటే ప్యాంటు తప్పు కాదన్నాయి. అంటే సైకిలు దిగి, దాన్ని గోడకి ఆనించి, రొట్టె కొనడానికి దుకాణంలోకి అడుగు పెట్టగానే అదే మనిషి అదే ప్యాంటులో మళ్ళీ తప్పు చేసినట్టే! ఎవరూ అమలు చేయకపోయినా ఆ ఉత్తర్వు పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. అది చెల్లదని 2013 జనవరి చివర్లో ఫ్రాన్సు మహిళా హక్కుల మంత్రి నజత్ వాలో-బెల్కసెమ్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది.

స్త్రీలూ సైకిలూ అన్న విషయం మీద చదువుతూ ఈ ఉత్తర్వు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 'సరైన సైకిలు దుస్తులు' అనగానే ఇవాళ మనకి ఒంటికి అంటుకుని ఉండే జెర్సీ, లోపల మెత్త కుట్టిన షార్ట్స్, బృందమంతటికీ ఒకే రంగు గుర్తొస్తాయి. గాలికి ఎదురెళ్ళడం, చెమట ఆరడం, ఒరుసుకుపోకుండా ఉండడం వంటి కారణాలు చెప్తారు. అవన్నీ నిజమే. కానీ ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి 'సరైన' అన్న మాటకి మొదటినుంచీ రెండు అర్థాలున్నాయి. తొక్కేవాళ్ళకి సరైనవి, చూసేవాళ్ళకి సరైనవి. ఈ రెండింటినీ ఒకే గుడ్డలో ఇమడ్చమని స్త్రీలని అడుగుతూ వచ్చారు. ఇమడ్చడానికి వాళ్ళు పడిన పాట్లే ఒక చరిత్ర. దాన్ని క్రీడా చరిత్రలో రాయరు, ఫ్యాషన్ చరిత్రలో నవ్వుకోవడానికి రాస్తారు.

మనకి తెలిసిన రూపంలో సైకిలు వచ్చింది 1885లో, ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్'తో. రెండు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి గొలుసు. 1888లో డన్‌లప్ గాలి టైరు తోడయింది. అంతకుముందున్న పెద్ద చక్రం సైకిలు ఎక్కాలంటే సర్కస్ విద్య కావాలి. దీనికి అక్కర్లేదు. సైకిలు ఆడవాళ్ళ చేతికి అందింది గానీ ఆడవాళ్ళ ఒంటి మీద ఉన్నవి సైకిలుకి అందలేదు. కార్సెట్, పొర మీద పొరగా లంగాలు, నేలని ఊడ్చే పావడా. 1881లో లండన్‌లో ఏర్పడిన రేషనల్ డ్రెస్ సొసైటీ, అంటే హేతుబద్ధమైన దుస్తుల సంఘం, స్త్రీల లోదుస్తుల బరువు బూట్లు కాకుండా ఏడు పౌండ్లు దాటకూడదని ఒక లెక్క పెట్టింది. ఏడు పౌండ్లంటే మూడు కిలోల పైమాట. సంస్కర్తలు కోరుకున్న హద్దే అది! వాళ్ళ అమ్మలు ఎంత మోశారో ఎవరు తూచారు?

గుడ్డ చక్రంలో పడకుండా ఉండాలంటే రెండు మార్గాలు. యంత్రాన్ని మార్చాలి, లేదా గుడ్డని మార్చాలి. కంపెనీలు ముందు యంత్రాన్ని మార్చాయి. పైనున్న అడ్డ బారుని కిందికి వంచేశాయి. వెనక చక్రానికి రెండువైపులా దారాలతో వల అల్లాయి, గొలుసుకి పెట్టె కట్టాయి. ఇది 'లేడీస్ సైకిలు' పుట్టుక. పైబారుతో ఏర్పడే చట్రమే సైకిలుకి బలం. ఆ బారు తీసేస్తే మిగిలిన గొట్టాలు మందంగా చేయాలి. వలా పెట్టే కలిపి బండి బరువెక్కింది. ఆడవాళ్ళకి శక్తి తక్కువని నమ్మిన సమాజమే ఆడవాళ్ళ చేతికి ఎక్కువ బరువున్న సైకిలిచ్చింది. ఇది పావడా గౌరవం కోసం కట్టిన పన్ను.

రెండో మార్గం పట్టిన వాళ్ళకి ఇంకో రకం పన్ను పడింది. 1893 సెప్టెంబరులో టెస్సీ రేనాల్డ్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి బ్రైటన్ నుంచి లండన్ వెళ్ళి తిరిగొచ్చింది. దాదాపు 120 మైళ్ళు, ఎనిమిదిన్నర గంటలు. మగవాళ్ళ సైకిలు మీద, మోకాళ్ళ కిందికి బిగించిన నికర్‌బాకర్లు వేసుకుని. పత్రికలు గొడవ చేసింది ఆ ఎనిమిదిన్నర గంటల గురించి కాదు, ఆ నికర్ల గురించి. వాటిని మెచ్చుకున్న వాళ్ళూ ఉన్నారు, తమకీ అలాంటివి కావాలని అడిగిన స్త్రీలూ ఉన్నారు. కానీ మెచ్చుకోలైనా తిట్లైనా మాట మాత్రం కాళ్ళు దాటి పోలేదు.

ఈ కాలంలో నాకు బాగా ఆసక్తి కలిగించిన ఘట్టం ఒక కోర్టు కేసు. రేషనల్ డ్రెస్ సొసైటీకి అధ్యక్షురాలిగా ఉన్న లేడీ హార్బర్టన్ 1898 అక్టోబరులో సర్రే ప్రాంతంలోని ఓఖమ్ అనే ఊళ్ళో, హోబాయ్ హోటల్ దగ్గర సైకిలు ఆపి భోజనం అడిగింది. ఆమె నికర్‌బాకర్లలో ఉంది. హోటల్ యజమానురాలు భోజనాల గదిలోకి రానివ్వలేదు. కావాలంటే మగవాళ్ళు తాగుతూ పొగ పీలుస్తూ కూర్చునే బార్ గదిలో పెడతానంది. హార్బర్టన్ వెళ్ళిపోయింది. ఆమె సైక్లిస్టుల టూరింగ్ క్లబ్ సభ్యురాలు. బాటసారికి కారణం లేకుండా తిండి నిరాకరించారని క్లబ్ కేసు వేసింది. 1899 ఏప్రిల్‌లో విచారణ. బార్ గది ఫోటో కూడా కోర్టులో చూపించారు. జ్యూరీ యజమానురాలి పక్షమే తీర్పు చెప్పింది. తిండి నిరాకరించలేదు కదా, వేరే గదిలో పెడతానంది కదా, అని.

వేరే గది! కులం గురించి ఒక్క ముక్క తెలిసిన మనకి ఈ తర్కం విప్పి చెప్పాలా? పెట్టనన్లేదు, పక్కన కూచోబెట్టనన్నది మాత్రమే. (ఇక్కడ పోలిక ఒక హద్దు దాకానే. హార్బర్టన్ కులీన స్త్రీ, ఆ గుమ్మం దాటగానే ఆమెకి ఇంకో పది గుమ్మాలు తెరిచి ఉన్నాయి.)

ఈ కేసులో ఇంకో వింత, ఆ క్లబ్బుదే. 1878లో మొదలైనప్పుడు ఆ క్లబ్ తన సభ్యులకి యూనిఫారం నిర్ణయించింది. ముదురాకుపచ్చ సెర్జ్ గుడ్డతో కోటు, నికర్‌బాకర్లు, చిన్న అంచున్న టోపీ. ఆకుపచ్చ మీద దుమ్ము కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని తర్వాత బూడిదరంగుకి మారారు. సత్రంలోకి మురికి కాళ్ళతో వచ్చిన కుర్రాళ్ళ గుంపుని చూసి సత్రం వాళ్ళు దడుచుకోకుండా, వీళ్ళు పెద్దమనుషులని గుర్తుపట్టడానికి ఆ యూనిఫారం. అంటే మగవాళ్ళకి నికర్‌బాకర్లు మర్యాదకి గుర్తు. ఆ మర్యాదతోనే భోజనాల గది తలుపు తెరుచుకుంటుంది. 1880 నుంచి స్త్రీలు కూడా ఆ క్లబ్‌లో సభ్యులే. కానీ అదే నికర్‌బాకర్లు ఆడమనిషి ఒంటి మీద ఉంటే అదే తలుపు మూసుకుంది. సమష్టి దుస్తులు అందరినీ ఒకటి చేస్తాయంటారు. ఆ 'అందరూ' ఎవరో ముందు తేలాలి.

ఇలాంటి వీధుల్లోకి నికర్లతో దిగే ధైర్యం అందరికీ ఉండదు. రాళ్ళు, కేకలు, వెక్కిరింతలు. అలాగని పావడాతో తొక్కితే చక్రంలో పడి చావొచ్చు. ఈ రెంటి మధ్యా కొందరు స్త్రీలు మూడో దారి కనిపెట్టారు. తొక్కేటప్పుడు ఒకలా, దిగగానే ఇంకోలా మారే పావడాలు! లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో పనిచేసే సామాజికశాస్త్రవేత్త కాట్ యుంగ్‌నికెల్ వీటి మీద 2018లో 'బైక్స్ అండ్ బ్లూమర్స్' అనే పుస్తకం తెచ్చారు. ఆమె చేసిన పని నాకు చాలా నచ్చింది. 1890ల నాటి పేటెంట్ కాగితాలు వెతికి, వాటిలో రాసిన సూచనల ప్రకారం ఆ దుస్తుల్ని తన బృందంతో మళ్ళీ కుట్టించి, వేసుకుని, సైకిలెక్కి చూశారు. కుట్టుపని పరిశోధనా పద్ధతి కావడం మన విశ్వవిద్యాలయాల్లో ఊహించగలమా?

ఆ పేటెంట్లలో ఒకటి ఆలిస్ బైగ్రేవ్‌ది, 1895 నాటిది. ఆమె దుస్తులు కుట్టే మనిషి. ఆమె పుట్టింటివాళ్ళది గడియారాల దుకాణం. గడియారంలో తాడు, బరువు, కప్పీ ఎలా పనిచేస్తాయో చిన్నప్పటినుంచీ చూసిన అమ్మాయి పావడా కుట్లలో తాడు దూర్చింది. ముందు ఒకటి, వెనక ఒకటి. నడుం దగ్గర లాగితే పావడా తెరలా పైకి లేస్తుంది. వదిలితే కిందికి జారి మామూలు పావడా అయిపోతుంది. జేగర్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. బైగ్రేవ్ అమెరికా, కెనడా, స్విట్జర్లాండుల్లో కూడా పేటెంట్ తీసుకుంది. వివాహిత స్త్రీకి తన పేరున ఆస్తి ఉండొచ్చని ఇంగ్లండులో 1882లో చట్టం వచ్చి అప్పటికి పదమూడేళ్ళే.

ఇంకొకరు హెన్రియెట్టా ముల్లర్. ఈమె గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈమె పేరు మనవాళ్ళు వేరే సందర్భంలో విని ఉంటారు. కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదువుకుంది. 1879లో లండన్ స్కూల్ బోర్డుకి ఎన్నికైంది. ఓటు హక్కు లేనప్పుడు పన్నెందుకు కట్టాలని కట్టకుండా ఊరుకుంటే 1884లో ఆమె ఇంట్లో సామాను జప్తు చేశారు. 1888లో 'విమెన్స్ పెన్నీ పేపర్' అనే వారపత్రిక పెట్టి మారుపేరుతో సంపాదకత్వం వహించింది. రాసేదీ, అచ్చు వేసేదీ, అమ్మేదీ స్త్రీలేనని ఆ పత్రిక గర్వంగా చెప్పుకునేది. తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. 1896లో వివేకానందుడు లండన్‌లో ఉన్నప్పుడు ఆయనకి అండగా నిలిచిన వాళ్ళలో ఈమె ఒకరు. 1898లో బేలూరు మఠం స్థలం కొనడానికి పెద్ద మొత్తం ఇచ్చింది ఈమే. మఠం చరిత్రల్లో 'మిస్ ముల్లర్' అంటే డబ్బిచ్చిన దొరసాని, ఆ తర్వాత పేచీ పెట్టుకుని వెళ్ళిపోయిన దొరసాని. ఆమె పత్రికా సంపాదకురాలన్న సంగతి అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

ఆ 1896లోనే ఆమె సైకిలు దుస్తులకి పేటెంట్ తీసుకుంది. మూడు భాగాలు. ఒక కోటు, ఒక పావడా, లోపల జాకెట్టూ నికర్లూ కలిపి ఒకటిగా కుట్టిన దుస్తు. పావడా అంచుకి ఉచ్చులు, నడుం దగ్గర బొత్తాలు. సైకిలెక్కేముందు ఉచ్చు తీసి బొత్తానికి తగిలిస్తే పావడా మోకాలి పైకి. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నవి జేబులు. ఆ దుస్తులకి ఐదు జేబులు పెట్టింది. కుట్టించుకునే వాళ్ళు కావాలంటే ఇంకా పెట్టుకోవచ్చని ప్రోత్సహించింది. పత్రిక నడిపిన మనిషికి జేబు విలువ తెలుసు. జేబు లేని ఆడదాని డబ్బులూ, తాళంచెవీ, చీటీ ఎవరో ఒకరి చేతిలో ఉండాల్సిందే. మన అమ్మమ్మలు బొడ్లో దోపుకునేవారు, అమ్మలు జాకెట్లో పెట్టుకునేవారు. ఇప్పటికీ కుర్తాకి జేబు పెట్టమంటే దర్జీ ఎగాదిగా చూస్తాడు.

స్త్రీల రచనల చరిత్ర రాసేటప్పుడు మనం కవిత్వం, ఉత్తరాలు, ఆత్మకథలు తీస్తాం. ఈ పేటెంట్ కాగితాలు కూడా స్త్రీల రచనలేనని నా వాదన. రోడ్డు మీద ఏం జరుగుతోందో, దేనికి భయపడ్డారో, దేన్ని దాచాల్సి వచ్చిందో అవి కొలతల భాషలో చెప్తాయి. ఒక మనిషి తాను సైకిలు తొక్కడం లేదని నమ్మించడానికి ఇంత యంత్రాంగం కుట్టుకోవలసి రావడం మామూలు సంగతా?

ముల్లర్ చదివిన కేంబ్రిడ్జిలోనే, ఆమె పేటెంట్ తీసుకున్న మరుసటి ఏడు 1897 మేలో, స్త్రీలకి డిగ్రీలివ్వాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. వద్దన్న మగ విద్యార్థులు సెనేట్ హౌస్ ఎదుట మేడ కిటికీ నుంచి ఒక బొమ్మని వేలాడదీశారు. సైకిలెక్కిన స్త్రీ, కింద బ్లూమర్లు. పుస్తకం పట్టుకున్న స్త్రీని కాదు, సైకిలెక్కిన స్త్రీని. ప్రతిపాదన ఓడిపోయాక ఆ బొమ్మని చీల్చి ముక్కలు చేశారు. కేంబ్రిడ్జి స్త్రీలకి డిగ్రీలిచ్చింది 1948లో.

అదే కాలంలో అట్లాంటిక్ అవతల ఒకామె తన దుస్తుల్ని అద్దెకిచ్చింది. అన్నీ కోపెచోవ్‌స్కీ, లాత్వియా నుంచి వచ్చిన యూదు కుటుంబం, ముగ్గురు పిల్లల తల్లి. 1894 జూన్‌లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకి బయలుదేరింది. లండన్‌డెరీ అనే నీళ్ళ కంపెనీ వంద డాలర్లిచ్చి సైకిలుకి బోర్డు కట్టించుకుని, ఆమెకి తన పేరు కూడా తగిలించింది. చరిత్రలో ఆమె అన్నీ లండన్‌డెరీ అయిపోయింది. పొడుగు పావడాతో, 42 పౌండ్ల ఆడవాళ్ళ సైకిలుతో మొదలుపెట్టి, షికాగో చేరేసరికి ఆ రెండూ వదిలేసి, దాంట్లో సగం బరువున్న మగవాళ్ళ సైకిలూ, బ్లూమర్లూ పట్టింది. దారిపొడుగునా ఒంటి మీద ప్రకటనలు అంటించుకుని డబ్బు సంపాదించింది. (చాలా దూరం ఓడలోనే వెళ్ళింది లెండి. ఇండియాలో జర్మన్ రాజవంశీయులతో కలిసి పులుల్ని వేటాడానని కూడా చెప్పుకుంది. కథలు చెప్పడంలో గట్టిది.) ఇవాళ్టి జట్టు జెర్సీ మీద కంపెనీల పేర్లు చూసినప్పుడల్లా నాకు ఈమె గుర్తొస్తుంది. ఆ పద్ధతి తొలి రోజుల్లోనే ఒక ఆడమనిషి ఇల్లు వదిలి తిరగడానికి ఖర్చులు అలా రాబట్టుకుంది.

పందేల దుస్తులకి వస్తే, మగవాళ్ళు కూడా ఒకప్పుడు దాక్కోవాల్సి వచ్చింది. ఇంగ్లండులో రోడ్ల మీద గుంపుగా పందేలు వేస్తే పోలీసులు పట్టుకుంటారని జాతీయ సంఘమే వాటిని నిషేధించింది. 1894లో ఒక పందెంలో బండి గుర్రాలు బెదిరి పెద్ద ప్రమాదం జరిగాక, ఎఫ్.టి. బిడ్‌లేక్ అనే ఆయన ఒక్కొక్కరినీ విడివిడిగా, తెల్లవారుజామున పంపే పద్ధతి తెచ్చాడు. కంటికి ఆనకుండా ఉండడానికి మెడ నుంచి చీలమండ దాకా నలుపు, పైన ఆల్పాకా కోటు. దశాబ్దాల పాటు ఇదే నియమం. పోలీసు చూస్తే ఎవరో పనిమీద పోతున్నాడనుకోవాలి. చూపు నుంచి తప్పించుకునే దుస్తులు కుట్టుకోవడం ఎలా ఉంటుందో వాళ్ళకీ ఆ మాత్రం తెలిసింది. తేడా ఒక్కటే. వాళ్ళు దాచింది పందేన్ని. ఆడవాళ్ళు దాచాల్సింది శరీరాన్ని. నియమం పోయాక వాళ్ళు రంగులు వేసుకున్నారు, ఆడవాళ్ళ విషయంలో అది పోలేదు.

1924లో ఇటలీ చుట్టూ జరిగే జీరో పందెంలో అల్ఫొన్సీనా స్త్రాదా పాల్గొంది. పట్టికలో ఆమె పేరు చివరి అక్షరం ఎగిరిపోయి 'అల్ఫొన్సిన్' అని ఉంది, ఆడో మగో తేలకుండా. పేరుకీ ఒక పావడా ఉంటుందన్నమాట, కావాల్సినప్పుడు పైకి లాగడానికి.

స్త్రీలకి ప్రపంచ రోడ్ పోటీలు 1958లో గానీ మొదలు కాలేదు. ఒలింపిక్స్‌లో 1984 దాకా ఆగాలి. అప్పటికి జట్టు దుస్తులు మగ శరీరం కొలతల్లో స్థిరపడిపోయాయి. భుజాల మీదుగా పట్టీలుండే 'బిబ్ షార్ట్స్' ఉదాహరణకి చూడండి. నడుం దగ్గర ఎలాస్టిక్ ఒత్తుకోకుండా సుఖంగా ఉంటాయి, మంచి ఆలోచనే. కానీ మూత్రానికి వెళ్ళాలంటే మగవాడు ముందు కొంచెం కిందికి లాగితే చాలు. ఆడమనిషి ముందు జెర్సీ విప్పాలి, తర్వాత పట్టీలు దించాలి, రోడ్డు పక్కన చెట్టు చాటున దాదాపు నగ్నంగా నిలబడాలి. జిప్పులు, కొక్కేలు పెట్టిన షార్ట్స్ తర్వాత తర్వాత వచ్చాయి. వాటికి ధర ఎక్కువ. బహిష్టు రోజుల్లో లేతరంగు షార్ట్స్ సంగతి ఆడేవాళ్ళందరికీ తెలుసు. వింబుల్డన్ వాళ్ళే తెల్ల స్కర్టు కింద ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని 2023కి గానీ ఒప్పుకోలేదు. సైకిలు పోటీల ప్రపంచ సంఘం సాక్సు ఎంత ఎత్తుండాలో నియమం రాసి కొలిపించేంత శ్రద్ధ ఉన్న సంస్థ. శ్రద్ధ ఎటు పోతుందన్నదే ప్రశ్న.

2014 సెప్టెంబరులో ఆ శ్రద్ధ ఎటు పోయిందో లోకమంతా చూసింది. ఇటలీలో ఒక పందేనికి వచ్చిన కొలంబియా మహిళా జట్టు ఫోటో బయటికొచ్చింది. ఎరుపు, పసుపు రంగుల మధ్య, నడుం నుంచి తొడల దాకా లేత బంగారు రంగు పట్టీ. ఆ ఎండలో, ఆ ఫోటోలో అది చర్మం రంగులా కనిపించింది. ప్రపంచ సంఘం అధ్యక్షుడు బ్రయాన్ కుక్సన్ ఇది మర్యాదకి ఏ కొలతతో చూసినా ఒప్పుకోదగ్గది కాదని ప్రకటించాడు. ఆ దుస్తుల్ని రూపొందించింది ఆ జట్టులోనే తొక్కే ఆంజీ రోహాస్. అది బంగారు రంగేననీ, స్త్రీగా, క్రీడాకారిణిగా తాను సిగ్గుపడాల్సింది ఏమీ లేదనీ ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందు చాలా నెలలుగా వాళ్ళు అవే దుస్తుల్లో తొక్కుతున్నారు. ఎవరూ చూడలేదు. అసలు ఆ పందేలనే ఎవరూ చూడలేదు. ఆ వారం ప్రపంచమంతా మాట్లాడుకున్న మహిళా సైక్లింగ్ వార్త అది ఒక్కటే. ఆ పందెం ఎవరు గెలిచారని అడిగితే చెప్పగలిగే వాళ్ళు ఎందరుంటారు?

ఒంటికి అంటుకున్న బట్ట చర్మంలా కనిపిస్తే తప్పు, ఒంటిని కప్పుకుంటే ఇంకో తప్పు. మాసొమా అలీ జాదా అఫ్ఘానిస్తాన్ హజారా కుటుంబంలో పుట్టింది. కాబూల్ రోడ్ల మీద పొడుగు చేతుల చొక్కా, నిండు లెగ్గింగులు, హెల్మెట్ కింద తలగుడ్డ వేసుకుని తొక్కినా తిట్లూ దెబ్బలూ తప్పలేదు. అక్కడ తప్పు గుడ్డలో లేదు, సైకిలెక్కడంలోనే ఉంది. 2017లో ఫ్రాన్సులో ఆశ్రయం పొందింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున టైమ్ ట్రయల్ తొక్కింది, హెల్మెట్ కింద తలగుడ్డతోనే. మొత్తం ఇరవై ఐదుగురిలో ఇరవై ఐదో స్థానం. ఇప్పుడు చూసేవాళ్ళలో కొందరికి ఆ తలగుడ్డ బానిసత్వం, కొందరికి సంస్కృతి. ఆమెకి ఏం కావాలో ఆమెనే అడగాలి కదా.

ఇక మన దగ్గరికి. ఇంగ్లండులో రెండు కాళ్ళకీ వేరువేరుగా ఉండే దుస్తు కోసం అంత యుద్ధం జరుగుతున్నప్పుడు, మన పొలాల్లో నాట్లు వేసే స్త్రీలు గోచీ పోసి చీర కట్టేవారు. చేపలమ్మే వాళ్ళూ అంతే. బ్రాహ్మణ ఇళ్ళల్లో మడికట్టూ గోచీ కట్టే. వంగడానికి, పరుగెత్తడానికి, బురదలో దిగడానికి వీలైన కట్టు అది. బార్ ఉన్న సైకిలెక్కడానికి కూడా ఏ అడ్డూ లేనిది. కానీ 1860లలో జ్ఞానదానందినీ దేవి ఠాకూర్ల ఇంట్లో మొదలుపెట్టిన లంగా, జాకెట్టు, కుచ్చిళ్ళ చీర పద్ధతి చదువుకున్న స్త్రీకి గుర్తుగా దేశమంతా పాకింది. ఇంటి గడప దాటి సభకి రావడానికి అది తలుపు తీసింది, కాదనను. కానీ గోచీ కట్టు మోటుదైపోయింది, ముసలిదైపోయింది. తర్వాతి కాలంలో సైకిలు చదువుకునే ఆడపిల్ల ముంగిట్లోకి వచ్చేసరికి ఆమె అప్పటికే కుచ్చిళ్ళలోకి మారిపోయి ఉంది. లేడీస్ సైకిలు కోసం ఆగాల్సి వచ్చింది. మగవాళ్ళు మాత్రం పంచె ఎగగట్టి, ప్యాంటుకి క్లిప్పు పెట్టి పోయారు. పంచె సైకిలుకి సరైన దుస్తా కాదా అని ఎవరూ చర్చించినట్టు లేదు.

నేను సైకిలు నేర్చుకున్నది మా అన్నయ్య సైకిలు మీద, బారు కింద నుంచి కాలు దూర్చి. గౌన్లు వేసుకున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. ఓణీ వేసిన ఏడాది సైకిలు ఆగిపోయింది. ఎవరూ మానెయ్యమనలేదు. పరికిణీ అంచు రెండోసారి గొలుసులో పడి, గ్రీజు మరకతో జానెడు చిరిగినప్పుడు అమ్మ 'ఇంక చాల్లేవే' అంది, అంతే. నాన్న నిషేధించలేదు, ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ నోరు విప్పకుండానే ఒక పరికిణీ ఆ పని చేసిపెట్టింది. మా తర్వాతి వాళ్ళకి బడిలో చుడీదార్ వచ్చింది. ఇప్పుడు రెండు కాళ్ళూ విడివడ్డాయి గానీ పైన చున్నీ మిగిలింది. యూనిఫారం చున్నీని మడతపెట్టి, రెండు భుజాల మీదా పిన్నులు గుచ్చి, కొసలు వెనక ముడేసుకుని సైకిళ్ళ మీద వెళ్ళే అమ్మాయిల గుంపులు మన పల్లెల్లో ఎన్నిసార్లు చూశామో. మ్యాచింగ్ జట్టు దుస్తులంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మన దేశంలో యంత్రాన్ని మార్చిన సందర్భం కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం, మోటారు సైకిలు వెనక చక్రం కనీసం సగం కప్పేలా రక్షణ ఉండాలని చెప్తుంది. వెనక కూర్చున్న వాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. మనం చీర గార్డు అంటామే, అది. చట్టం స్త్రీ శరీరాన్ని గుర్తుపెట్టుకున్నందుకు సంతోషించాలి. వెనక సీటు మీద కూర్చున్నట్టుగా గుర్తుపెట్టుకుంది.

ముందు సీటు సంగతి పుదుక్కోట్టై స్త్రీలు చూసుకున్నారు. తమిళనాడులోని ఆ జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిలు నేర్పడం మొదలుపెట్టారు. షీలా రాణి చుంకత్ అప్పటి కలెక్టర్. పి. సాయినాథ్ రాసిన వివరాల ప్రకారం సైకిలు పోటీ ప్రదర్శనల్లో 70 వేల మందికి పైగా స్త్రీలు తమ నేర్పు చూపించారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా సైకిళ్ళతో ఊరంతా తిరిగారు. లేడీస్ సైకిళ్ళు చాలినన్ని దొరకలేదు. ఆగలేని వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే కొనుక్కున్నారు. పొలం కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ వర్కర్లు, నర్సులు. కొందరికి మగవాళ్ళ సైకిలే నచ్చింది, ముందు బారు మీద బిడ్డని కూచోబెట్టుకోవచ్చని. ఇంగ్లండులో పావడా కోసం తీసేసిన ఆ బారు మీద చీర కట్టుకున్న తల్లి బిడ్డని కూచోబెట్టుకుంది. చీర సరైన సైకిలు దుస్తేనా అన్న ప్రశ్న అక్కడ ఎవరికి వచ్చింది?

ఆ ప్రశ్న నగరంలో వస్తుంది. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో తెరిచారు. ఆదివారం పొద్దున్నే వెళ్ళడానికి నేనూ ఒక బృందంలో చేరాను. పేరెందుకు లెండి. బృందానికి నీలం, నారింజ రంగుల జెర్సీ ఉంది. ఆర్డరు పత్రంలో ఛాతీ కొలత ఒక్కటే అడిగారు. ఆడవాళ్ళ కటింగు లేదా అంటే, ఆడవాళ్ళ ఆర్డర్లు తక్కువ కాబట్టి కుదరదన్నారు. మాలో ఒకామె ప్రభుత్వ బడిలో టీచరు. ప్రతిరోజూ సైకిలు మీదే బడికి వెళ్ళొస్తుంది, మా అందరికంటే ఎక్కువ తొక్కేది ఆమే. మోకాళ్ళ దాకా కుర్తా, కింద లెగ్గింగు. ఒక ఆదివారం సామూహిక ఫోటోకి ముందు ఆమెని 'మేడమ్, మీరు కొంచెం పక్కకుంటారా, యూనిఫారం వాళ్ళు మాత్రమే' అన్నారు. అన్నది పాతికేళ్ళ కుర్రాడు, చాలా మర్యాదగా అన్నాడు. ఆమె నవ్వి పక్కకి వెళ్ళి మా సైకిళ్ళు పట్టుకుని నిలబడింది. హోబాయ్ హోటల్లో ఆ రెండో గది ఎలా ఉండి ఉంటుందో ఆ పొద్దు నాకు అర్థమైంది.

మేం ఆరుగురం కలిసి మా వీధి దర్జీ దగ్గరికి వెళ్ళాం. జెర్సీ ఆయన ముందు పెట్టి, ఇదే రంగు గుడ్డతో ఇంకో ఆరంగుళాలు పొడుగు, పక్కన చీలికలు, తుంటి దగ్గర వదులు, ముందు రెండు జేబులు అని చెప్పాం. వెనక జేబులు మూడున్నాయి కదమ్మా, మళ్ళీ ముందెందుకన్నాడాయన. టీచరుగారు ఒక్కొక్కటే వివరించింది. ఫోను, ఇంటి తాళం, ఇన్‌హేలర్, బస్సు ఛార్జీకి చిల్లర. ఆయన సుద్దముక్కతో గీతలు గీసుకున్నాడు. ఈ శనివారానికి ఇస్తానన్నాడు. ఆదివారం అవి వేసుకునే వెళ్తున్నాం.